జానెడు తక్కువ గట్టు

ఆ ఆఫీసులో మూడు గదులున్నాయి. ముందు గది ఇంజనీరుది, వెనక గది మ్యాపులది, మధ్యలో ఇరుక్కున్న గది సర్వేయరుది. ముందు గదికి రెండు కిటికీలు, ఒక ఫ్యాను. మధ్య గదికి కిటికీ ఒకటే, అదీ పక్కింటి గోడ వైపు తెరుచుకుంటుంది. పన్నెండేళ్ళుగా సర్వేయరు ఆ గోడనే చూస్తున్నాడు.

ఇంజనీరు ఎవరో పరాయివాడైతే సరిపెట్టుకునేవాడేమో. కానీ ఆయన తోడల్లుడు. అక్కను ఆయన చేసుకుంటే చెల్లెల్ని ఇతను చేసుకున్నాడు. అత్తవారింట్లో పెద్దల్లుడు లేస్తే తప్ప తనకు కుర్చీ దొరకదని పెళ్ళయిన మొదటి వారంలోనే అర్థమైంది. ఇంటికొస్తే భార్య నోట కూడా అదే పేరు. బావగారు కోపం ఎరగరు, బావగారు మాట తూలరు, బావగారు తిన్న కంచం తామే తీసి సింకులో పెడతారు. కంచం సింకులో పెట్టినందుకు కూడా మనిషికి కీర్తి వస్తుందని సర్వేయరుకు అప్పటిదాకా తెలియదు.

దీన్ని అసూయ అంటే అతను ఒప్పుకునేవాడు కాదు. న్యాయం మాట్లాడుతున్నానని అనుకునేవాడు. పని నాది, పేరు ఆయనది అని రోజుకు నాలుగుసార్లయినా లోపల్లోపల అనుకోకపోతే అతనికి అన్నం అరిగేది కాదు.

ఆ పనేమిటో కొంచెం చెప్పుకోవాలి. ఒకప్పుడు అక్కడ నేల లేదు. అలాగని నీళ్ళూ కాదు. రెండూ కానిదేదో ఉండేది. మనిషెత్తు జమ్ము, జమ్ము మధ్యలో పడవ పట్టేంత సందులు, అడుగేస్తే మోకాలి దాకా లాక్కునే నల్లటి రొంపి. రోజుకు రెండుసార్లు పోటు నీళ్ళు లోపలికి వచ్చి పోయేవి. జమ్ము కోసేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు అందులోనే పుట్టి అందులోనే పోయేవాళ్ళు. పైవాళ్ళ కళ్ళకు అది వృథాగా పడి ఉన్నట్టు కనిపించింది. తాతల నాడు సరుకు పడవల కోసం చుట్టూ కాలువ తవ్వారు. తవ్విన మట్టిని లోపలి వైపు గట్టుగా పోశారు. గట్టు చుట్టూ కలిసిన చోటల్లా లోపలి నీళ్ళను పంపులతో కాలువలోకి తోడేసి, జమ్ము తగలబెట్టి, గీతలు గీసి పొలాలన్నారు. జమ్ము కోసేవాళ్ళు అవే పొలాల్లో కూలీలయ్యారు. ఆ పని ముక్కలు ముక్కలుగా సాగి సాగి, చివరి ముక్క ఎనిమిదేళ్ళ కిందట ఈ తోడల్లుళ్ళ చేతుల మీదుగా ముగిసింది.

నీళ్ళు తీసేస్తే నేల మిగులుతుందని అందరూ అనుకున్నారు. నీళ్ళతో పాటు నేల కూడా దిగిపోతుందని ఎవరికీ తట్టలేదు. వేల ఏళ్ళ జమ్ము కుళ్ళి మట్టయిన నేల అది. ఆరిన కొద్దీ కుంగుతూ వచ్చింది. ఇప్పుడు కాలువ పైన, పొలాలు కింద. గుమ్మంలో కూర్చుని చూస్తే సరుకు పడవలు నెత్తి మీదుగా వెళ్తున్నట్టుంటాయి. ఆ నీళ్ళకూ ఈ ఇళ్ళకూ మధ్య ఉన్నది గట్టొక్కటే. గట్టు ఎక్కడ ఎంత ఎత్తుందో చూసి చెప్పడమే సర్వేయరు పని.

అతని లెవెల్ యంత్రం పాతకాలంది. ఇత్తడి గొట్టం, మూడు కాళ్ళ స్టాండు. అందులో కన్ను పెడితే లోకమంతా తలకిందులు. నేల పైన, ఆకాశం కింద, కర్ర పట్టుకున్న మనిషి గబ్బిలంలా వేలాడుతుంటాడు. కనబడేది కూడా చిన్న గుండ్రటి ముక్కే. దగ్గర్లో ఉన్న మనిషైతే చొక్కా మీది రెండు గుండీలు పడతాయి, అంతే. కొత్త యంత్రాల్లో మనుషులు మనుషుల్లాగే కనిపిస్తారు. ఆఫీసుకు అవి రెండు వచ్చాయి. తెప్పించింది ఇంజనీరు కాబట్టి సర్వేయరు వాటిని ముట్టుకోలేదు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని భార్య ఇల్లు ఊడ్చేటప్పుడు ఆ పాత పెట్టెను చీపురుతో నెడుతూ అంటుంది.

పద్ధతి తేలికే. ఎత్తు తెలిసిన రాయి మీద అంకెల కర్ర నిలబెట్టి యంత్రంలోంచి అంకె చదువుతారు. తరవాత కర్ర ముందుకు పోతుంది. దాన్ని చదివాక, కర్రను అక్కడే ఉంచి యంత్రం ముందుకు పోతుంది. అలా ఒకదాన్నొకటి దాటుకుంటూ మైళ్ళు నడుస్తాయి. యంత్రం కదిలే ఆ కాసేపట్లో కర్ర కింద నేల కుంగకూడదు. కుంగిందా, అక్కణ్ణుంచి రాసే ప్రతి అంకే అబద్ధం. అందుకే రొంపి నేలలో కర్ర కింద ఇనుప పళ్ళెం వేస్తారు.

ఎనిమిదేళ్ళ కిందట ఆ పళ్ళెం పడవలో ఉండిపోయింది.

అప్పట్లో కర్ర పట్టుకునేవాణ్ణి అందరూ కొంగ అనేవాళ్ళు. జమ్ము కోసేవాళ్ళ ఇంట్లో పుట్టినవాడు. పొడుగాటి కాళ్ళు, తక్కువ మాటలు. కర్రను రెండంటే రెండు వేళ్ళతో పట్టుకుంటే గాలికి కూడా కదిలేది కాదు. ఆ రోజు యంత్రం ముందుకు మార్చి సర్వేయరు చదవబోతుంటే అతను అన్నాడు.

"అయ్యా, కర్ర దిగింది. జానెడు దిగింది. మళ్ళీ చూద్దాం."

సర్వేయరుకు ఆ మాట వినపడింది. యంత్రంలో కూడా కనపడింది. ఒకటి ముప్పై ఒకటి ఉండాల్సిన చోట ఒకటి యాభై నాలుగు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చూస్తే సగం పూట పోతుంది, అంతకంటే నష్టం లేదు. కానీ ముందు రోజు సాయంత్రం అందరి ఎదుటా మామగారు తన చేతి గడియారం విప్పి పెద్దల్లుడి చేతికి పెట్టాడు. రాత్రంతా ఆ గడియారం సర్వేయరు చెవిలో కొట్టుకుంటూనే ఉంది. గట్టు కట్టేది ఆయన. జానెడు తక్కువైతే ఒక పోటుకు నాలుగు బిందెల నీళ్ళు పొర్లుతాయి, నలుగురూ నవ్వుతారు, గడియారం చిన్నబోతుంది. అంతేగా.

"దిగలేదు," అన్నాడు. "రాసేశాను, పద."

కొంగ ఒకసారి అతని మొహంలోకి చూశాడు. కర్ర భుజాన వేసుకుని నడిచాడు.

నాలుగు బిందెలతో పోలేదు. మొదటి పెద్ద పోటుకే అక్కడ గట్టు పొర్లి గండి పడింది. ఎక్కడ తక్కువో తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. అందులో ఒకడు ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. రెండోవాడు మట్టి బస్తా భుజాన పెట్టుకుని ఒంటరిగా అక్కడికి వెళ్ళాడు. తరవాత ఒక పడవవాడు చెప్పాడు, గండి సుడిలో తలకిందులుగా దిగబడిన మనిషి రెండు అరికాళ్ళు ఆకాశం వైపు కనిపించాయని, కాసేపటికి అవీ లేవని. కొంగ శవం దొరకలేదు. గండి పడిన చోట నీళ్ళు తవ్విన గుంట గట్టు పక్కన అలాగే మిగిలింది. ఎంత పొడుగు గెడ వేసినా దానికి అడుగు తగల్లేదు.

ఇంజనీరు రెండు రోజులు ఛాతీలోతు నీళ్ళలో నిలబడి, మనుషుల్ని వరసగా నిలబెట్టి, గండి పూడ్పించాడు. దాంతో అది ఇంజనీరు గట్టయింది. సర్వేయరు తవ్విన గోతిలోంచి తోడల్లుడు మెట్లెక్కినట్టు పైకెక్కి వెళ్ళిపోయాడు. కొంగ గుర్తొచ్చిన రోజు సర్వేయరు ఒక ముద్ద తక్కువ తినేవాడు, నిజమే. కానీ ఆ గట్టు పేరు విన్న రోజు కంచం ముందునుంచే లేచిపోయేవాడు. అతని గురించి చెప్పాల్సింది ఏమైనా ఉంటే అదే.

ఇక అసలు సంగతి. మొన్న ఒక సాయంత్రం ఇంజనీరు ముందు గదిలోంచి పిలిచాడు.

"తమ్ముడూ, రెండు వారాల్లో పెద్ద పోటుంది. గట్టు మళ్ళీ కుంగింది. ఎంత పెంచాలో తెలియాలంటే మట్టాలు కావాలి. దిబ్బ మీది రాయి దగ్గర్నుంచి తూము రాయి దాకా నువ్వే చూడు."

"నేనే ఎందుకన్నయ్యా? కొత్త కుర్రాళ్ళున్నారుగా, కొత్త యంత్రాలున్నాయిగా."

"నీ కన్ను మీదున్న నమ్మకం నాకు వాటి మీద లేదు."

ఆ మాట ఎంత మెత్తగా గుచ్చుకుందో సర్వేయరుకే తెలుసు. చిక్కు అక్కడే ఉంది. తూము రాయి కింద గుంజలు గట్టి బంకమట్టి దాకా దిగి ఉన్నాయి. నేలంతా కుంగినా అది కుంగదు. పాత పుస్తకంలో దాని ఎత్తు ఎంతుందో ఇప్పుడూ అంతే రావాలి. నిజం చదివితే జానెడు తేడా వస్తుంది. ఆ తేడా పట్టుకుని పుస్తకం తిరగేస్తే కొంగ నిలబడిన చోటు బయటపడుతుంది. అబద్ధం రాస్తే గట్టు మళ్ళీ జానెడు తక్కువే అవుతుంది. ఆ గట్టు కిందే ఇంజనీరు ఇల్లు. గట్టు కట్టినవాడే దాని కింద ఉంటే జనానికి ధైర్యమని అక్కడే కట్టుకున్నాడు. మామగారు, అత్తగారు కూడా ఆ ఇంట్లోనే ఉంటారు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. సర్వేయరు కాలు కడుక్కునే రకం కాదు. పాత చోటికి రాగానే పాత అంకె రాసేద్దామనుకున్నాడు. పెన్సిలు చెక్కి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు పొద్దున ఎనిమిది దాటినా మంచు విడలేదు. గట్టు మీద నిలబడితే కుడి పక్క కాలువ లేదు, ఎడమ పక్క పొలాలు లేవు. కాళ్ళ కింద నాలుగడుగుల దారి, దాని చుట్టూ తెల్లటి తడి. ఎక్కడో దూరంగా పంపు దబ్ దబ్ మంటోంది. కాలువ వైపు నుంచి కుళ్ళిన జమ్ము వాసన వస్తోంది. జమ్ము తగలబెట్టి ఎన్నేళ్ళో అయినా మంచు పడిన రోజు ఆ వాసన మాత్రం వస్తుంది.

ఇప్పుడు కర్ర పట్టేవాణ్ణి అందరూ రేడియో అంటారు. స్విచ్చి లేని రేడియో. నలభై దాటినవాడు, పొట్టివాడు, కనిపించిన ప్రతిదాని మీదా ఒక మాట ఉంటుంది. ఆ రోజు అతని మాటలే సర్వేయరుకు దారి చూపించాయి.

"అయ్యా, నేను కనిపిస్తున్నానా?"

"కనిపించకపోయినా వినిపిస్తావులే. కదలకు."

మంచులో దూరం చూడలేరు కాబట్టి ఇరవై అడుగులకోసారి ఆగాల్సి వచ్చింది. మొదటి చోట అంతా సవ్యంగానే ఉంది. తలకిందుల రేడియో, అతని చొక్కా గుండీ, అంకెలు. రెండో చోట గుండ్రటి గాజులో కర్రకు ఎడమ పక్కన, అంచు మీద, నల్లగా ఒక చుక్క. మట్టి అంటిందేమోనని రుమాలుతో తుడిచాడు. మళ్ళీ చూశాడు. చుక్క అక్కడే ఉంది. గుండ్రంగా, చిన్నగా, పైన తెల్లగా ఒక గోరులాంటిది.

వేలు.

కన్ను తీశాడు. మంచులో రేడియో నీడలా నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాడు. పక్కన ఎవరూ లేరు.

"నీ పక్కన ఎవరున్నారు?"

"నా పక్కనా? మా ఆవిడ కూడా నా పక్కన నిలబడదయ్యా."

సర్వేయరు అంకె రాసుకుని స్టాండు భుజాన వేసుకున్నాడు. మంచుకు కళ్ళు మసకలేస్తాయి. వయసు కూడా వచ్చింది. ఇలాంటివి మనసుకు చెప్పుకోవడం అతనికి బాగా అలవాటు.

నాలుగో చోట కన్ను పెట్టగానే కనిపించాయి. రెండు పాదాలు.

రేడియో ఛాతీ పక్కన, చొక్కా రెండో గుండీ ఎదురుగా, రెండు వట్టి పాదాలు జతగా నిలబడి ఉన్నాయి. పొడుగాటి, సన్నటి పాదాలు. చీలమండల దాకా నల్లమట్టి ఎండి పగుళ్ళు తేరి ఉంది. వేళ్ళు ముందుకు, మడమలు వెనక్కి, అరికాళ్ళు కిందికి. ఎవరైనా గచ్చు మీద నిలబడితే ఎలా ఉంటాయో అలాగే. కాకపోతే వాటి కింద గచ్చు లేదు. ఏమీ లేదు.

చుట్టూ ఉన్నవన్నీ తలకిందులు. గుండీ తలకిందులు, అంకెలు తలకిందులు. ఆ పాదాలు మాత్రం సరిగ్గా ఉన్నాయి.

సర్వేయరు ఇరవై ఏళ్ళుగా ఆ గాజులోంచి లోకాన్ని చూస్తున్నాడు. అందులో కనిపించినదాన్ని మనసులో తిప్పుకోవడం అతనికి ఊపిరి తీసుకోవడమంత సులువు. ఈసారి తిప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. ఈ గాజులో తిన్నగా కనిపించిందంటే... బయట అది తలకిందులుగా ఉన్నట్టు. అరికాళ్ళు ఆకాశం వైపు. మోకాళ్ళు దాని కింద. నడుము దాని కింద. తల...

తల ఎక్కడుందో అతను ఆలోచించలేదు.

కన్ను తీశాడు. రేడియో ఒక్కడే ఉన్నాడు. కన్ను పెట్టాడు. పాదాలున్నాయి. ఇందాకటి కంటే కర్రకు దగ్గరగా ఉన్నాయి.

"అయ్యా, అంకె చూశారా? చెయ్యి లాగుతోంది."

"పద... ముందుకు పద."

వెనక్కి వెళ్ళిపోవచ్చు. మంచు ఎక్కువగా ఉంది, రేపు చూద్దాం అంటే ఎవరూ కాదనరు. కానీ రేపు మంచు ఉండదు. ఇంజనీరు కూడా గట్టు మీదికి వస్తాడు, పక్కన నిలబడతాడు, పుస్తకంలోకి తొంగి చూస్తాడు. పాత అంకె రాయడానికి ఈ మంచే కావాలి. సర్వేయరు నడిచాడు.

గండి గుంట దగ్గరికి వచ్చారు. గుంట కనిపించలేదు, ఎడమ పక్కన గాలి చల్లబడింది, అంతే. పంపు చప్పుడు ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో తెలియలేదు. జమ్ము వాసన గొంతులోకి దిగుతోంది. కొంగ కర్ర పెట్టిన చోటు ఇదే. యంత్రం నిలబెట్టాడు. మరలు బిగించాడు. రేడియో పళ్ళెం కోసమో ఏమో మంచులో ఏదో వెతుక్కుంటున్న చప్పుడు వినిపించి, ఆగింది.

గాజులో కర్ర నిలబడి ఉంది. గాలికి కూడా కదలకుండా.

చొక్కా లేదు. గుండీ లేదు. రెండు పాదాల మధ్య కర్ర ఉంది. కుడి పాదం బొటనవేలికీ పక్క వేలికీ నడుమ దాన్ని మెత్తగా పట్టుకుని ఉంది. రెండే రెండు వేళ్ళు.

"రేడియో," అన్నాడు సర్వేయరు గుసగుసగా.

"ఆ... వస్తున్నానయ్యా. ఒక్క నిమిషం." గొంతు వెనకనుంచి వచ్చింది. కుడి వైపు, చాలా వెనకనుంచి. "పళ్ళెం చేజారి గట్టు కిందికి దొర్లింది. తెస్తున్నా."

"కర్ర..."

"కర్ర నా భుజం మీదే ఉందిలెండి. ఇంకా పెట్టలేదు."

సర్వేయరు కన్ను తియ్యలేకపోయాడు. అంకె స్పష్టంగా ఉంది. ఒకటి ముప్పై ఒకటి. చూస్తుండగానే కదిలింది. ముప్పై రెండు... ముప్పై ఐదు... నలభై... ఒక్కో గీతా తొందర లేకుండా జారుతోంది. కర్ర దిగుతోంది. పాదాలు కూడా దానితో పాటు దిగుతున్నాయి. యాభై... యాభై మూడు... ఒకటి యాభై నాలుగు దగ్గర ఆగింది.

"దిగిందయ్యా..."

ఆ మాట గాలిలోంచి రాలేదు. కాళ్ళ కిందనుంచి వచ్చింది. నోట్లో మట్టి ఉన్న మనిషి మాట్లాడినట్టు, ఒక్కో అక్షరం తడిగా, బరువుగా.

"జానెడు... మళ్ళీ చూద్దాం."

అందులో కోపం లేదు. దానికే సర్వేయరుకు ఎక్కువ భయమేసింది. ఎనిమిదేళ్ళ కిందట ఎలా అన్నాడో అలాగే అన్నాడు, పని మీద గౌరవమున్నవాడిలా. మళ్ళీ చూద్దాం అంటే చాలు. ఇప్పుడైనా ఒక్కసారి సరే అంటే చాలు.

పుస్తకం తెరిచాడు. పెన్సిలు తీశాడు. ఆ క్షణంలో అతని కళ్ళ ముందుకు వచ్చింది కొంగ కాదు. ఇంజనీరు మొహం. తేడా చూసి, పాత పుస్తకం తిరగేసి, అంతా అర్థం చేసుకుని, ఒక్క మాట కూడా అనకుండా తన భుజం మీద చెయ్యి వేసేటప్పటి ఆ మొహం. ఆయన క్షమిస్తాడు. తప్పకుండా క్షమిస్తాడు. ఇంట్లో భార్య మర్నాడు పొద్దున్నే అంటుంది, మా బావగారు ఎంత మంచివారో చూశారా అని. చావైనా నయం ఆ మాట కంటే.

నిజమైన అంకె కాదని, పాత అబద్ధానికి సరిపడేట్టు అంకె వేశాడు. పక్క గడిలో, ఎప్పుడూ ఏమీ రాయని గడిలో, చేతికి అలవాటైన పదంలా ఒక మాట కూడా రాశాడు.

దిగలేదు.

మళ్ళీ గాజులోకి చూశాడు. కర్ర లేదు. పాదాలు ఉన్నాయి. నెమ్మదిగా, మడమల మీద తిరిగినట్టు తిరిగాయి. వేళ్ళు పదీ ఇప్పుడు తన వైపే ఉన్నాయి. తరవాత గాజునిండా మంచే.

అడుగు వెనక్కి వేద్దామనుకున్నాడు. కాలు రాలేదు. కిందికి చూసుకున్నాడు. బస్తాలు, రాళ్ళు వేసి కొట్టిన గట్టి గట్టు అది. రెండు బూట్లూ అందులో దిగి ఉన్నాయి. లోపల, మట్టిలో, చీలమండల చుట్టూ ఏదో చల్లగా... మెత్తగా... రెండు వేళ్ళతో పట్టుకున్నట్టు.

అరిచాడో లేదో అతనికి గుర్తులేదు. రేడియో పరుగున వచ్చి చంకల కింద చేతులు వేసి లాగాడు. బూట్లు మట్టిలోంచి ఊడి వచ్చాయి.

"ఇక్కడ నేల రాయిలా ఉంటుంది కదయ్యా," అని రేడియో గుంటల్లోకి తొంగి చూసి, జానతో కొలిచాడు. సరిగ్గా ఒక జాన. ఆ తరవాత తూము దాకా అతను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రేడియో మూగబోవడం ఆ ఆఫీసులో ఎవరూ ఎరగరు.

తూము రాయి ఎత్తు పాత పుస్తకంతో అచ్చంగా సరిపోయింది.

మధ్యాహ్నానికి మంచు విడిపోయి ఎండ కాసింది. భోజనానికి ఇంజనీరు ఇంటికే రమ్మన్నారు. భార్య ముందే వచ్చి అక్కతో వంటింట్లో ఉంది. పెరట్లో కుర్చీలు వేశారు. పెరటి గోడ వెనకే గట్టు, గట్టు మీదుగా ఒక సరుకు పడవ నిమ్మళంగా వెళ్తోంది. బూట్లు కడుక్కుని, చేతులు రుద్దుకుని, సర్వేయరు పుస్తకాన్ని ఇంజనీరు చేతిలో పెట్టాడు. ఇంజనీరు ఆఖరి పేజీ మాత్రం చూసి, మూసి బల్ల మీద పెట్టాడు.

"మిగతావి చూడవా అన్నయ్యా?"

"నువ్వు రాశాక నేను చూసేదేముంది?" ఇంజనీరు గొంతు తగ్గించాడు. "నీకెప్పుడూ చెప్పలేదు. గండి పడినప్పుడు పైనుంచి వచ్చినవాళ్ళు లెక్కలో తప్పుందన్నారు. మా తమ్ముడి లెక్క తప్పదు, తప్పుంటే నా కట్టుబడిలోనే అని రాసిచ్చాను. ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది."

పుస్తకం ఇంకా బల్ల మీదే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. ఒక పేజీ తప్పు రాశానన్నయ్యా, రేపు మళ్ళీ చూస్తాను అంటే సరిపోతుంది. గోడ వెనక అంత నీళ్ళున్నాయి, గోడ ముందు ఇంతమంది ఉన్నారు. నోరు తెరిచాడు కూడా.

అప్పుడే భార్య మంచినీళ్ళు తెచ్చి, ఆ చివరి ముక్క విని, కళ్ళు తుడుచుకుంది.

"విన్నారా? మా బావగారంటే అదీ."

సర్వేయరు నోరు మూసుకున్నాడు. చింత చచ్చినా పులుపు చావదు. పుస్తకం బల్ల మీదే ఉండిపోయింది.

భోజనాలయ్యాక ఇంజనీరు తన కంచం తానే తీసి లోపల పెట్టి వచ్చి, మూల ఉన్న యంత్రం పెట్టె చూశాడు. "ఈ ముసలి గాజులోంచి చూసి ఎన్నేళ్ళయిందో" అంటూ పెట్టెలోంచి ఇత్తడి గొట్టం తీసి, రెండు చేతుల్తో పట్టుకుని కన్ను పెట్టాడు. మణికట్టు మీద మామగారి గడియారం ఎండకు మెరిసింది.

"మామయ్యా, మీ మీసం నుదుటి మీదికి వచ్చింది." మామగారు నవ్వాడు. "అత్తయ్య గడ్డం ఆకాశంలో ఉంది. మరదలా, నువ్వయితే చెట్టుకు వేలాడుతున్నట్టే ఉన్నావు. అటు తిరుగు, నవ్వకు." ఒక్కో మొహం మీదా ఆపుతూ, ఒక్కొక్కళ్ళనీ ఏడిపిస్తూ గొట్టాన్ని తిప్పుకొచ్చాడు. సర్వేయరు దగ్గరికి వచ్చి ఆగాడు.

నవ్వు ఆగిపోయింది. గొట్టం దించి, చొక్కా అంచుతో గాజు తుడిచి, మళ్ళీ కన్ను పెట్టాడు.

"ఇదేంటి తమ్ముడూ," అన్నాడు. "అందరిలో నువ్వొక్కడివే సరిగ్గా కనిపిస్తున్నావు."

అందరిలో నువ్వొక్కడివే. ఆ నోటినుంచి ఆ మాట వినాలని సర్వేయరు పన్నెండేళ్ళు ఎదురుచూశాడు.

కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. గట్టు మీద ఇంకో పడవ వెళ్ళిపోయింది.

"ఉండు, కదలకు," అన్నాడు ఇంజనీరు కన్ను తియ్యకుండానే. "నీ జుట్టు నిండా ఆ బురదేంటి? ఇందాక లేదే."

సర్వేయరు చెయ్యెత్తి తల తడుముకున్నాడు. వేళ్ళకు తడి తగిలింది, చల్లగా, కుళ్ళిన జమ్ము వాసనతో.